ఎక్కి దిగే ధర, ఎక్కి కూర్చునే ధర: గోదావరి జిల్లాల్లో ఇంటి వెచ్చాలు అదుపులో పెట్టుకోవడం ఎలా?

టమాటా ధర పెరగడం వేరు, మంచినూనె ధర పెరగడం వేరు. 2023 జూలైలో కిలో 150 రూపాయలు దాటిన టమాటాను అదే ఏడాది సెప్టెంబర్‌లో రైతులు గిట్టుబాటు కాక రోడ్ల మీద పారబోశారు. నూనె అలా కాదు. ఒకసారి పైకెక్కితే అక్కడే కూర్చుంటుంది, దిగినా నాలుగైదు రూపాయలు దిగుతుంది. మొదటి రకానికి ఓపిక పట్టాలి, రెండో రకానికి ముందుచూపు కావాలి. మనం చాలాసార్లు సరిగ్గా తిరగేసి చేస్తాం. టమాటా ఇంకా పెరుగుతుందేమో అని టెన్షన్ పడి మూడు కిలోలు తెచ్చి సగం కుళ్ళబెడతాం. నూనె మాత్రం అయిపోయినప్పుడల్లా వీధి చివరి కొట్టుకు పరుగెత్తి ఒక్కో ప్యాకెట్ తెచ్చుకుంటాం.

అందుకే ఏ సరుకు ధర ఎందుకు పెరిగిందో ముందు తెలుసుకోవాలి. కింద రాసినదంతా డెల్టాలో ఉండేవాళ్ళ కోసం. వరి, లంకల్లో (గోదావరి పాయల మధ్య దిబ్బల్లో) పండే కూరగాయలు, చెరువు చేప మన గుమ్మంలోనే ఉన్నాయి. అయినా మన ఊళ్ళలో చాలా ఇళ్ళలో సరుకులు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కొన్నట్టే కొంటున్నారు.

ముందు ఒక నెల రాయండి

ఫోన్‌లో యాప్ ఏదీ అక్కర్లేదు. వంటింట్లో మేకుకు ఒక నోట్‌బుక్, దానికి దారంతో పెన్సిల్ కట్టండి. సరుకు, తూకం, డబ్బు, ఈ మూడే రాయండి. తూకం తప్పకుండా రాయాలి. అందరూ డబ్బు రాస్తారు, తూకం వదిలేస్తారు. అలా రాస్తే ధర పెరిగిందా, వాడకం పెరిగిందా అన్నది నెలాఖరుకు తేలదు.

పదికి పచ్చిమిర్చి, ఇరవైకి కొత్తిమీర, పిల్లాడు ఏడిస్తే కొన్న చిప్స్ ప్యాకెట్, అన్నీ ఎక్కించండి. నెల తిరిగాక పుస్తకం ముందేసుకుని ఎక్కి దిగే సరుకుల పక్కన ఒక గుర్తు, ఎక్కి కూర్చునే వాటి పక్కన ఇంకో గుర్తు పెట్టండి. బియ్యం, నూనె, పప్పులు, పాలు, గ్యాస్ రెండో రకం. కూరగాయలు, ఉల్లి, చేప, కోడి, గుడ్డు మొదటి రకం. ఇప్పుడు రెండో రకం వాటిని ఒక్కొక్కటీ పట్టుకోండి, పెద్ద డబ్బు అక్కడే ఉంది.

బియ్యం: బస్తా కొంటారా, ధాన్యం కొంటారా?

చిన్న ప్యాకెట్లతో మొదలుపెడదాం. 2022 జూలై 18 నుంచి, పేరు ముద్రించి అమ్మే 25 కిలోల లోపు బియ్యం ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ ఉంది. 25 కిలోలు దాటిన బస్తాకు లేదు. కొట్లలో 26 కిలోల బస్తాలు కనిపించడానికి కారణం అదే. కాబట్టి ఐదు, పది కిలోల ప్యాకెట్లలో బియ్యం కొనే అలవాటుంటే ముందు అది మానండి. పట్నంలో ఒంటరిగా ఉండేవాళ్ళకు తప్ప ఆ ప్యాకెట్ ఎవరికీ కలిసిరాదు.

ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఇంకో దారి ఉంది: ధాన్యం కొని ఆడించుకోవడం. తాతల కాలం పద్ధతే, మధ్యలో వదిలేశాం. లెక్క వేసి చూడండి. 2025–26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తా సుమారు 1,777. ధాన్యంలో 67 శాతం పచ్చి బియ్యం రావాలని ప్రభుత్వం మిల్లర్లకు లెక్క కడుతుంది, అంటే బస్తాకు 50 కిలోలు. చిన్న మిల్లులో ఆడించి, నూకలు తీసేసి, తినడానికి వీలైన బియ్యం 45 కిలోలు వస్తాయనుకుందాం. అలా చూసినా కిలో 40 రూపాయల లోపే పడుతుంది. దీనికి ఆడింపు కూలి, ఆటో కిరాయి కలపండి. ఆ మొత్తాన్ని మీరిప్పుడు కొట్లో ఇస్తున్న ధరతో పోల్చుకోండి. నూకలు, తవుడు ఎవరికన్నది మిల్లువాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి. తవుడు వాళ్ళకు వదిలేస్తే కూలి తగ్గించే మిల్లులున్నాయి. ఇంట్లో గేదె ఉంటే తవుడు తెచ్చుకోవడమే లాభం. నూకలు ఎలాగూ మనవే: ఉప్మాకు, ఉప్పుడు పిండికి, జ్వరం వచ్చినప్పుడు జావకు.

సార్వా (ఖరీఫ్) కోతలు నవంబర్–డిసెంబర్‌లో, దాళ్వా (రబీ) కోతలు ఏప్రిల్‌లో వస్తాయి. కల్లంలో ఉన్నప్పుడే మాట్లాడుకోండి. సన్నాలే కావాలంటే మద్దతు ధరకు దొరక్కపోవచ్చు, స్వర్ణ తినగలిగే ఇంటికి ఈ లెక్క బాగా కలిసొస్తుంది. కోసిన వెంటనే ఇల్లు చేర్చకండి, తేమ ఎక్కువుంటుంది. గింజ కొరికితే టక్కుమని విరగాలి, మెత్తగా నలిగితే ఇంకా రెండు ఎండలు కావాలి. ఎండిన ధాన్యాన్ని ధాన్యంగానే ఉంచి రెండు నెలలకోసారి ఒక బస్తా చొప్పున ఆడించుకోండి. బియ్యంగా నిలవ చేస్తే మన గాలి తడికి పురుగు పట్టేస్తుంది. పైగా కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, ఒదగదు. నాలుగు నెలలు ఆగిన ధాన్యం బియ్యం బాగా ఒదుగుతుంది, అదే కుటుంబానికి గ్లాసు తక్కువ పోస్తే సరిపోతుంది. కొట్లో పాత బియ్యానికి కిలోకు రెండు మూడు రూపాయలు ఎక్కువ చెబితే భయపడొద్దని కూడా అందుకే చెబుతాను.

రేషన్ బియ్యం సంగతి. ఇంటి దగ్గరికొచ్చి కిలో పదికో పన్నెండుకో కొనుక్కెళ్ళేవాళ్ళకు అమ్మేసి, ఆ డబ్బుకు నాలుగు రెట్లు పెట్టి బియ్యం కొనే ఇళ్ళు నాకు తెలుసు. అమ్మడం నేరం, అది అలా ఉంచండి. లెక్క ప్రకారం కూడా నష్టమే. అన్నానికి నచ్చకపోతే దోసెల పిండికి, జంతికలకు, చలిమిడికి, బియ్యప్పిండికి వాడండి. కడిగేటప్పుడు తేలే, రంగు కాస్త తేడాగా ఉండే గింజల్ని చూసి ‘ప్లాస్టిక్ బియ్యం’ అని ఏరి పారేస్తుంటారు. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి తయారుచేసిన గింజలు, వంద గింజలకు ఒకటి చొప్పున కలిపినవి. అన్నంలో కలిసిపోతాయి, తినాల్సినవే. 2025 జూన్ నుంచి ఇంటి దగ్గరకొచ్చే బండ్లు ఆగిపోయి మళ్ళీ చౌక ధరల దుకాణాల్లోనే ఇస్తున్నారు: ప్రతి నెలా 1 నుంచి 15 వరకు, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. కందిపప్పు, పంచదార వచ్చాయేమో మొదటి వారంలోనే వెళ్ళి అడగండి. పప్పు అన్ని నెలలూ రాదు, వచ్చిన నెల వదులుకోవద్దు.

నూనె: ప్యాకెట్ తిప్పి చూడండి

మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటిదే. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయిన్‌ల వైపు నుంచి వస్తుంది. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ముడి నూనెల మీద మూల దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది, 2025 మే నెలాఖరులో 10 శాతానికి తగ్గించింది. పెంచినప్పుడు ప్యాకెట్ ధర మర్నాడే మారింది. తగ్గించినప్పుడు మాత్రం కొట్టువాళ్ళు “పాత స్టాకండీ” అన్నారు. మన చేతిలో లేని ధర ఇది. చేతిలో ఉన్నవి తూకం, వాడకం.

ఒక లీటరు నూనె అంటే 910 గ్రాములు. షెల్ఫ్‌లో ఒక ప్యాకెట్ 150 రూపాయలు, పక్కన అదే ఎత్తు, అదే వెడల్పు ఉన్న ప్యాకెట్ 142 రూపాయలు ఉందనుకోండి. చెయ్యి రెండోదాని మీదికే పోతుంది. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో 850 గ్రాములని ఉంటుంది. కిలో లెక్క కడితే మొదటిది 165, రెండోది 167. చౌక అనుకున్నదే ఎక్కువ పడింది. ఇంత లెక్క కొట్లో నిలబడి చేయనక్కర్లేదు. గరిష్ఠ ధర దగ్గరే గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా ముద్రిస్తున్నారు, ఆ అంకెను ఈ ప్యాకెట్‌కు ఆ ప్యాకెట్‌కు పోల్చండి చాలు. బిస్కెట్లు, సబ్బులు, టీపొడి కూడా ఇలాగే చూడాలి. పది రూపాయల ప్యాకెట్ పదిగానే ఉంటుంది, లోపల సరుకు సన్నబడుతుంది.

డబ్బా కొనేవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. 15 కిలోల డబ్బా, 15 లీటర్ల డబ్బా ఒకటి కావు. 15 లీటర్లంటే 13 కిలోల 650 గ్రాములే. ధర అడిగే ముందు ఏ డబ్బా అని అడగండి. నలుగురున్న ఇంటికి ఒక్క డబ్బా ఎక్కువ, మూడు ఇళ్ళు కలిసి తెచ్చుకుని క్యాన్లలో పంచుకుంటే మంచిది.

మనిషికి నెలకు అర లీటరు నూనె చాలని పోషకాహార నిపుణులు చెబుతుంటారు. ఒకటో తారీకున నలుగురికి రెండు లీటర్లు వేరే క్యాన్‌లో పోసి, పొయ్యి దగ్గర ఆ ఒక్క క్యానే ఉంచండి. ఇరవయ్యో తారీకుకే అడుగంటితే ఎవరినీ ఏమీ అనకండి, ఆ వారంలో వేపుళ్ళు ఎన్నిసార్లు చేశారో పుస్తకంలో చూడండి. మన దగ్గర వేపుడు లేని భోజనం భోజనం కాదనే పట్టుదల ఒకటుంది. వారంలో మూడు రోజులు వేపుడు బదులు ముక్కల పులుసో, ఆవ పెట్టిన కూరో చేస్తే నూనె దానంతటదే మిగులుతుంది. ఆవకాయకు వాడే పప్పునూనె (నువ్వుల నూనె) మాత్రం ఈ లెక్కలో కలపొద్దు. దానికి వేసవి ముందే వేరుగా డబ్బు తీసి పెట్టుకోండి.

పప్పులు, ఎండు సరుకులు: మాఘం నుంచి చైత్రం దాకా

ఏడాది సరుకు కొనడమనే మన పెద్దల అలవాటు వెనుక పంటల లెక్క ఉంది. కంది జనవరి–ఫిబ్రవరిలో వస్తుంది. సార్వా కోశాక మాగాణిలో చల్లిన మినుము, పెసర ఫిబ్రవరి–మార్చిలో చేతికొస్తాయి. గుంటూరు యార్డుకు ఎండుమిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పోటెత్తుతుంది. కొత్త చింతపండు కూడా అప్పుడే. రబీ ఉల్లి మార్చి నుంచి వస్తుంది, బాగా ఆరినది నెలల తరబడి నిలవ ఉంటుంది. ఉల్లి ధర ఏటా మండేది సెప్టెంబర్–నవంబర్ మధ్య. ఆ కాలంలో వచ్చే కర్నూలు ఉల్లి తడి ఎక్కువ, నిలవకు పనికిరాదు. తాడేపల్లిగూడెం మార్కెట్ దగ్గరలో ఉన్నవాళ్ళు ఏప్రిల్‌లో నాలుగు ఇళ్ళు కలిసి బస్తా తెచ్చుకోవచ్చు. గాలి ఆడే చోట పరిచి ఉంచండి, బంగాళాదుంపలతో కలపకండి.

అన్నీ ఒకేసారి కొనడానికి చేతిలో డబ్బుండదు, నిజమే. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి సరుకు నింపుకోవడం మాత్రం వద్దు, మిగిలేదంతా వడ్డీ తినేస్తుంది. నెలకొక్క సరుకు చాలు. మొదటి ఏడాది మినుములతో మొదలుపెట్టండి, ఎందుకంటే ఇడ్లీ, అట్టు, గారె అంటూ మన ఇళ్ళలో మినప్పప్పు ఖర్చు కందిపప్పుతో పోటీ పడుతుంది. గుళ్ళు కాకుండా పొట్టు పప్పు వాడితే కిలోకు మిగిలేది చిన్న మొత్తం కాదు. కడగడం పనే, ఒప్పుకుంటాను. అట్టు రుచి మాత్రం పొట్టు పప్పుదే.

పప్పులు రెండు ఎండలు బాగా ఎండాక చల్లారనిచ్చి, కిలోకు చెంచాడు ఆముదం పట్టించి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టండి. వేపాకు వేస్తే అది కూడా పూర్తిగా ఎండి ఉండాలి, పచ్చిగా వేస్తే బూజు పడుతుంది. కందిపప్పు ధర మరీ ఎక్కువున్న రోజుల్లో వారంలో సగం రోజులు పెసరపప్పుకు మారండి. లేదా ఆనపకాయ, దోసకాయ, తోటకూర వేసి పప్పు సగానికి తగ్గించండి.

కూరగాయలు: ధవళేశ్వరం నీటిమట్టం చూసి కొనండి

మనకు వచ్చే కూరల్లో రెండు తెగలున్నాయి. టమాటా మదనపల్లె వైపు నుంచి, ఉల్లి కర్నూలు, మహారాష్ట్రల నుంచి, బంగాళాదుంప ఉత్తరాది నుంచి, క్యారెట్, బీన్స్ ఇంకెక్కడి నుంచో లారీలెక్కి వస్తాయి. దొండ, వంగ, బీర, బెండ, ఆనప, కంద, చేమ, అరటి లంకల నుంచి, మెరక చేల నుంచి వస్తాయి. ఈ రెండింటికీ ఒకేసారి ధర పెరగడం అరుదు. అందుకే ఫలానా కూరే కావాలని చీటీ రాసుకుని బజారుకు వెళ్ళకండి. డబ్బు ఇంత అని మాత్రం అనుకుని వెళ్ళండి. కూర ఏదో అక్కడ తేల్చుకోవచ్చు.

టమాటా మండినప్పుడు కావలసింది పులుపే కదా. వేసవిలో మామిడికాయ, చింతచిగురు, వానల్లో గోంగూర, చుక్కకూర, శీతాకాలంలో చింతకాయ ఉన్నాయి. మా వైపు టమాటా లేకుండా కూర వండడం ముప్పై నలభై ఏళ్ళ కిందట మామూలే.

జూలై నుంచి సెప్టెంబర్ వరకు లెక్క వేరు. గోదావరి పొంగితే లంకల్లో తోటలు మునుగుతాయి, వారం తిరక్కుండా దొండకాయకు కూడా రెక్కలొస్తాయి. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 2022 జూలైలో మూడోదీ దాటింది. టీవీలో రెండో హెచ్చరిక అనగానే ఆ పూటే వెళ్ళి నిలవుండే కూరలు తెచ్చుకోండి: కంద, చేమ, పెండలం, గుమ్మడి, బంగాళాదుంప, కూర అరటి. ఆకుకూరలు, వంకాయలు దాచలేం కాబట్టి వాటి జోలికి పోవద్దు. నీరు తీశాక తోటలు మళ్ళీ కాపుకొచ్చేదాకా కంద, చేమ కూరలు, పప్పు, పచ్చడి, వడియాలు, మజ్జిగ పులుసులతో నడిపించేయొచ్చు. అక్టోబర్, నవంబర్‌లలో తుఫాను హెచ్చరికకూ ఇదే పద్ధతి. 2025 అక్టోబర్ నెలాఖరులో మొంథా తుఫాను వచ్చినప్పుడు ముందు రోజు సాయంత్రం బజారుకు వెళ్ళినవాళ్ళు ఎక్కువ ధర పెట్టారు, రెండు రోజుల ముందు వెళ్ళినవాళ్ళు బతికిపోయారు.

సంతలో పోగుల లెక్కన కొనేటప్పుడు ఒకసారి ఆ పోగు కాటా వేయించి చూడండి. ఇరవై రూపాయల పోగు ముప్పావు కిలో తూగొచ్చు, నాలుగు వందల గ్రాములే తూగొచ్చు. రైతు బజారు దగ్గరుంటే బోర్డు మీద రాసిన ధరలు ఫోన్‌లో ఫోటో తీసుకోండి, తర్వాత బయట బేరానికి పనికొస్తాయి. సంతలో చివరి గంట ధర బాగుంటుంది, సరుకు బాగుండదు. ఆ రాత్రే వండేదానికి ఫర్వాలేదు. అరటితోట ఉన్న తెలిసినవాళ్ళుంటే, గెల కోసినప్పుడు దూట (కాండం లోపలి బోదె), పువ్వు అడగండి. చాలాచోట్ల ఊరికే ఇస్తారు. పువ్వు ఒలవడానికి అరగంట పడుతుంది, దూటలో పీచు తీయాలి, ఓపిక ఉన్న రోజే పెట్టుకోండి.

పెరడు లేకపోయినా పచ్చిమిర్చి, కరివేపాకు, బచ్చలి పాత బకెట్లలో పెరుగుతాయి. రోజూ ఇచ్చే ఆ పది, ఇరవై రూపాయలు ఆగిపోతాయి. సముద్రం వైపు ఊళ్ళలో నేల చవిటి కాబట్టి బకెట్లే మేలు.

చేప, గుడ్డు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో సముద్రపు చేప కొనకండి, చెరువు శీలావతి, బొచ్చె కొనండి. ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యపప్పు తినేవాళ్ళు మార్చిలోనే ఎండినవి చూసి కొనుక్కోవాలి. వంకాయలోనో గోంగూరలోనో గుప్పెడు ఎండు రొయ్యలు వేస్తే నలుగురికి కూర అయిపోతుంది. కవ్వలు, కానాగంతలు వలకు బాగా పడినప్పుడు చందువా, వంజరం వైపు చూడనక్కర్లేదు. పోషకాల్లో అవి ఏమీ తీసిపోవు, ముళ్ళు ఎక్కువంతే. పులస గురించి ఇక్కడ మాట్లాడటం అనవసరం.

కోడిమాంసం కార్తీకంలో తగ్గుతుంది. గుడ్డు చలికాలంలో పెరుగుతుంది. తణుకు, అనపర్తి చుట్టుపక్కల కోళ్ళ ఫారాలున్నాయి కాబట్టి మనకు అట్ట లెక్కన, ముప్పై గుడ్లు, కాస్త చౌకగానే దొరుకుతాయి. ఎంత పెరిగినా పిల్లల గుడ్డు, పిల్లల పాలు మాత్రం కోయొద్దు. కోయాలంటే కూల్‌డ్రింకులు, మిక్చర్ ప్యాకెట్లు, బేకరీ పఫ్‌లు ఉన్నాయి. పుస్తకంలో వాటిని విడిగా కూడి చూడండి, నెల పాల బిల్లుకు దగ్గరగా వచ్చినా ఆశ్చర్యం లేదు.

గ్యాస్, కొట్టు ఖాతా

తెల్ల కార్డున్న ఇళ్ళకు 2024 దీపావళి నుంచి దీపం–2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, నాలుగు నెలలకొకటి. ముందు డబ్బు కట్టి తీసుకుంటే బ్యాంకులో పడుతుంది. విడత తప్పిపోకుండా బుక్ చేయండి, డబ్బు పడకపోతే ఆధార్, ఈకేవైసీ ముందు సరిచూసుకోండి. స్నానం సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్ట్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 నుంచి 5 శాతానికి తగ్గింది, నెయ్యి మీద 12 నుంచి 5కు. అవి కొనేటప్పుడు పాత ధరే తీసుకుంటున్నారేమో చూడండి.

ఇక వీధి కొట్లో ఖాతా. చేతిలో డబ్బు లేని రోజున ఆదుకునేది అదే, దాన్ని తీసిపారేయను. కానీ ఖాతా మీద కొనేటప్పుడు ధర అడగం, ప్యాకెట్ తిప్పి చూడం, పద్దు రాసేది మనం కాదు. అందుకే ఖాతాకు రెండు షరతులు పెట్టుకోండి. నూనె, బియ్యం, పప్పు ఖాతా మీద తేకూడదు, అవి డబ్బిచ్చే కొనాలి. ఖాతా మీద తెచ్చినది ఏదైనా ఆ రోజే వంటింటి పుస్తకంలో కూడా ఎక్కాలి. ఐదో తారీకున రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, కొట్టాయన ముందే కూడి, డబ్బు కట్టేయండి. తేడా వస్తే గొడవ పడక్కర్లేదు. “ఇది మళ్ళీ చూడండి బాబాయ్” అంటే చాలు, మన దగ్గర రాసిన కాగితం ఉందని తెలిశాక వచ్చే నెల పద్దు సరిగ్గానే ఉంటుంది.